చైర్ ముందు ‘ఎ’ ఉందా, ‘ద’ ఉందా?

‘టేక్ ఎ చైర్’ అంటే కూర్చోమని. ‘టేక్ ద చైర్’ అంటే సభకు అధ్యక్షత వహించమని. మొదటిది ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పేది, రెండోది సంఘం పెద్దకు చెప్పేది. మధ్యలో మారింది ఒక చిన్న ముక్క, అంతే. చైర్ అనే మాటను తెలుగువాళ్లం ఒకటో తరగతిలోనే నేర్చుకుంటాం కాబట్టి మళ్లీ దాని వంక చూడం. నిఘంటువు తీసి చూడని మాటల్లోనే తప్పులు ఎక్కువ దొర్లుతాయి. అనువాదాలు చేసేవాళ్లకు, పోటీ పరీక్షలు రాసేవాళ్లకు, సంఘాల మినిట్స్ పుస్తకాలు, అంటే సభలో జరిగింది నమోదు చేసేవి, రాసేవాళ్లకు పనికొస్తుందని ఈ నాలుగు ముక్కలు.

ముందు సామాను సంగతి. ఒక మనిషి కూర్చోడానికి, వెనక ఆనుకోడానికి ఉన్నది చైర్. ఆనుకునేది లేకపోతే స్టూల్. ఇద్దరు ముగ్గురు పట్టేది బెంచీ. సీట్ అంటే వస్తువు కాదు, కూర్చునే చోటు. అందుకే బస్సులో, సినిమా హాల్లో ఉండేవి సీట్లే తప్ప చైర్లు కావు. నేలకు బిగించినంత మాత్రాన సీట్ అయిపోదు మళ్లీ: మంగలి షాపులోది, పళ్ల డాక్టరు దగ్గరిది బోల్టులతో బిగించి ఉన్నా చైరే, ఎందుకంటే అది విడి వస్తువు. చైర్‌లో కూర్చునే పలకను కూడా సీట్ అనే అంటారు. ‘ద సీట్ ఆఫ్ ద చైర్ ఈజ్ బ్రోకెన్’ అంటే పలక విరిగిందని, కాలు కాదు.

‘ఇన్’ వాడాలా, ‘ఆన్’ వాడాలా అన్నది చాలామందిని తికమక పెడుతుంది. చేతులున్న కుర్చీ మనిషిని లోపలికి తీసుకుంటుంది కాబట్టి ‘సిట్ ఇన్ యాన్ ఆర్మ్‌చైర్’. చేతుల్లేని చెక్క కుర్చీ మీద కూర్చుంటాం, ‘సిట్ ఆన్ ఎ చైర్’. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీకి రెండూ నడుస్తాయి. స్టూలుకు, బెంచీకి, సోఫాకు ‘ఆన్’. కానీ అధ్యక్ష స్థానం దగ్గరికి వచ్చేసరికి కుర్చీకి చేతులున్నాయా లేవా అన్న ప్రశ్నే లేదు. ఎప్పుడూ ‘ఇన్ ద చైర్’. ‘ఆన్ ద చైర్’ అని రాస్తే అధ్యక్షులవారు కుర్చీ ఎక్కి నిలబడ్డారేమో అనిపిస్తుంది.

మనం ‘కుర్చీ వేయండి’ అంటాం. దాన్ని ‘పుట్ ఎ చైర్’ అని మార్చకూడదు. ‘బ్రింగ్ ఎ చైర్ ఫర్ హిమ్’ అనాలి. ‘కుర్చీ వేసి కూర్చోబెట్టారు’ అన్నదాంట్లో మర్యాద ఉంది. దానికి దగ్గరగా వచ్చేది ‘ఆఫర్డ్ హిమ్ ఎ చైర్’. ‘కుర్చీ లాక్కుని కూచో’ అన్న చనువుకు మాత్రం ‘పుల్ అప్ ఎ చైర్’ అతికినట్టు సరిపోతుంది.

కలిపి రాయాలా, విడదీయాలా? ఆర్మ్‌చైర్, వీల్‌చైర్ ఒకే మాటలు. రాకింగ్ చైర్, ఫోల్డింగ్ చైర్, ఈజీ చైర్ రెండేసి మాటలు. మన పడక కుర్చీ ఈజీ చైరే. భాగాల పేర్లలో కాళ్లు, చేతులు, వీపు మనకూ ఇంగ్లీషుకూ ఒకటే: లెగ్స్, ఆర్మ్స్, బ్యాక్. కాళ్ల మధ్య అడ్డపట్టీని స్ట్రెచర్ అంటారు, గుండ్రంగా కడ్డీలా ఉంటే రంగ్ అనీ అంటారు. వీపు నడుమ నిలువుగా ఉండే పలక స్ప్లాట్. వడ్రంగి పనికి సంబంధించిన పుస్తకం తెలుగు చేసేవాళ్లు స్ట్రెచర్ చూసి ఆసుపత్రి వైపు పోవద్దు.

ఇక ఉచ్చారణ. పత్రికల్లో ఛైర్మన్ అని ఒత్తు ఛ తో అచ్చు వేస్తున్నారు. ఇంగ్లీషు మాటలో ఆ ఒత్తు అక్కర్లేదు, చ చాలు. మన పల్లెల్లో అనే ‘చేర్మన్’ ఇంగ్లీషు పలుకుబడికి దూరమేమీ కాదు. బ్రిటన్‌లో చివరి ర్ వినపడీ వినపడకుండా ‘చెఅ’ అంటారు. జాగ్రత్త పడాల్సింది పక్కమాటల దగ్గర. చియర్ అంటే ఉత్సాహం, షేర్ అంటే వాటా. చెప్పేది విని రాసుకునే పరీక్షలో ఈ మూడూ కలిసిపోతాయి.

‘ద చైర్’ అధికారం ఎలా అయిందో తెలియాలంటే వేరు దగ్గరికి పోవాలి. గ్రీకులో కథెడ్రా: కత అంటే కిందికి, హెడ్రా అంటే కూర్చునే చోటు. జ్యామితిలో టెట్రాహెడ్రన్, పాలీహెడ్రన్ అంటామే, వాటి చివర ఉన్నదీ ఈ హెడ్రాయే. ఆ ఘనాలు ఏ ముఖం మీద కూర్చుంటాయో ఆ ముఖమన్నమాట. గ్రీకు నుంచి లాటిన్ కాతెడ్రాగా, అక్కణ్ణుంచి పాత ఫ్రెంచిలో షయేర్‌గా మారి పదమూడో శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. లాటిన్‌లో కాతెడ్రా గురువు కూర్చుని పాఠం చెప్పే ఆసనం, బిషప్ ఆసనం. ఆ ఆసనం ఉన్న గుడి కాబట్టి కథీడ్రల్. ఊళ్లో పెద్ద చర్చి అయితే కథీడ్రల్ అవదు, అందులో బిషప్ పీఠం ఉండాలి.

తెలుగు కాథలిక్కులు ఈ భావాన్ని ఎంత చక్కగా పట్టారో చూడండి. బిషప్ మేత్రాణి, ఆయన అధికార పరిధి మేత్రాసనం. కడపలో, కర్నూలులో కాథలిక్ మేత్రాసనాలు ఉన్నాయి. ఇంగ్లీషులో దాన్ని డయోసిస్ అంటారు. ఆ మాటలో కూర్చోవడం లేదు, కుర్చీ లేదు. మన మాటలోనే ఆసనం ఉంది.

ఫ్రెంచివాళ్ల కథ ఇంకో రకం. పారిస్ పలుకుబడిలో ర కాస్తా జ అయి షేర్ అన్నది షేజ్ కూడా అయింది. కొన్నాళ్లు రెండూ నడిచి, చివరకు పంచుకున్నారు: ఇంట్లో కుర్చీకి షేజ్, చర్చి వేదికకు, ప్రొఫెసర్ పదవికి షేర్. రెండు పనులకు రెండు మాటలు. మనమూ అంతే, సామానుకు కుర్చీ, అధికారానికి పీఠమో గద్దెనో. ఇంగ్లీషు మాత్రం ఒకే మాటను ఉంచుకుని ఎ, ద లతో పని నెట్టుకొస్తోంది. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి మనకు పట్టు చిక్కనిది సరిగ్గా అక్కడే.

మన కుర్చీ కూడా పుట్టుకతో తెలుగు కాదు. అరబ్బీ కుర్సీ ఉర్దూ మీదుగా మనకొచ్చింది. అరబ్బీకి అరమాయిక్ నుంచి వచ్చింది, దాని వెనక అక్కాడియన్ కుస్సు ఉంది. కర్నూలు, కడప పాతబస్తీల్లో ఈ రోజుకీ కుర్సీ అనే అంటారు. అయితే ఖురాన్‌లోని ఆయతుల్ కుర్సీ అనే వాక్యాన్ని ఇంగ్లీషులో ‘చైర్ వర్స్’ అనరు, ‘థ్రోన్ వర్స్’ అంటారు. థ్రోన్ అంటే సింహాసనం. దేవుడికీ రాజుకూ థ్రోన్. సభకూ చదువుకూ చైర్.

పీఠాధిపతి అన్న మాట వచ్చినప్పుడు అనువాదకులు కాలు జారుతారు. మంత్రాలయం మఠానికీ పీఠాధిపతి అంటాం, కడప పెద్ద దర్గాకూ పీఠాధిపతి అనే అంటాం. రెండింటికీ చైర్, చైర్మన్ పనికిరావు. చైర్మన్ అంటే ఎన్నుకున్న సంఘానికో, బోర్డుకో పెద్ద. మఠానికి మన దేశపు ఇంగ్లీషులో పాంటిఫ్ అని రాస్తారు, ‘హెడ్ ఆఫ్ ద మఠ్’ అన్నా సరే. దర్గాకు సజ్జాదా నషీన్ అన్న మాటనే ఉంచడం మేలు. సజ్జాదా అంటే నమాజు చాప, నషీన్ అంటే కూర్చున్నవాడు. అక్కడ అధికారం కుర్చీలో కాదు, చాప మీద.

ఇప్పుడు సభల్లోకి. సభలో ‘ద చైర్’ అంటే కుర్చీ కాదు, అందులో కూర్చున్న మనిషి, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ మనిషి మోస్తున్న అధికారం. ‘అడ్రెస్ ద చైర్’ అంటే మీ ఎదుటి సభ్యుణ్ణి చూసి కాదు, అధ్యక్షుణ్ణి ఉద్దేశించి మాట్లాడమని. ‘త్రూ ద చైర్’ అంటే అధ్యక్షుడి ద్వారా అడగమని. తగవు ముదరకుండా కట్టిన గట్టు ఇది. ఇద్దరు ఒకరినొకరు ‘నువ్వు’ అనుకునే బదులు మూడో మనిషికి చెప్పుకుంటారు. మన రచ్చబండ దగ్గర ‘పెద్దాయనకు చెప్పు, నాకు కాదు’ అంటారే, అదే.

లోక్‌సభ ఇంగ్లీషు చర్చల ప్రతిలో ‘స్పీకర్ ఇన్ ద చైర్’ అని అచ్చవుతుంది. డిప్యూటీ స్పీకర్ వచ్చి కూర్చుంటే ఆ పంక్తి మారుతుంది. మనిషి మారినా ద చైర్ మారదు. ఈ తేడాను చేతలో చూపించిన వ్యక్తి మన అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి. 1967లో హిందూపురం నుంచి గెలిచి స్పీకర్ అయ్యాక తన పార్టీ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చాడు. 1977లో నంద్యాల నుంచి గెలిచి మళ్లీ స్పీకర్ అయ్యాడు, అదే ఏడు రాష్ట్రపతి అయ్యాడు. ‘ది ఇంపార్షియాలిటీ ఆఫ్ ద చైర్’ అనే మాటకు అర్థం అడిగితే 1967 నాటి ఆ రాజీనామా చెప్పొచ్చు.

లోక్‌సభకు స్పీకర్, రాజ్యసభకు చైర్మన్. ఉపరాష్ట్రపతే పదవి రీత్యా రాజ్యసభ చైర్మన్. రాష్ట్రాల్లో అసెంబ్లీకి స్పీకర్, శాసన మండలి ఉన్నచోట దానికి చైర్మన్. బిరుదు ఏదైనా సభలో ఉన్నంతసేపు ఇద్దరూ ద చైరే. మామూలుగా ఓటు వేయరు. ఓట్లు సమానంగా చీలినప్పుడు మాత్రం వేస్తారు. దాని పేరు కాస్టింగ్ ఓట్. దాన్ని కులం ఓటు అని రాసిన అనువాదం కనబడితే ఆశ్చర్యపోవద్దు.

చైర్మన్, చైర్‌వుమన్, చైర్‌పర్సన్, చైర్: ఏది వాడాలి? రాజ్యాంగంలో పంచాయతీల భాగం, 1992 సవరణతో వచ్చింది, చైర్‌పర్సన్ అంటుంది. ఆ పదవుల్లో మూడో వంతుకు తక్కువ కాకుండా మహిళలకు కేటాయించమన్నదీ అక్కడే. ఆదోని, తాడిపత్రి, ప్రొద్దుటూరు లాంటి మున్సిపాలిటీల వార్తల్లో మహిళ ఉంటే చైర్‌పర్సన్, మగవాడు ఉంటే చైర్మన్ అని రాసే అలవాటు పాతుకుపోయింది. అలా రాస్తే చైర్‌పర్సన్ అంటే ఆడమనిషి అన్న అర్థం వచ్చేస్తుంది, అసలు ఉద్దేశమే పోతుంది. ఇద్దరికీ ఒకటే వాడండి. ఒట్టి చైర్ అంటే ఇంకా నయం. మనిషిని కుర్చీ అనడమేంటని కొందరు నవ్వుతారు గానీ, ఆ వాడుక కొత్తది కాదు, పదిహేడో శతాబ్దం నుంచీ ఉన్నదే.

చైర్మన్‌కు ఇంకో పాత అర్థం ఉంది, మున్సిపల్ చైర్మన్లకు చెప్పకండి. పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో సెడాన్ చైర్ అని మూసిన పల్లకీ లాంటిది ఉండేది. దాన్ని ముందొకరు, వెనకొకరు మోసేవారు. ఆ బోయీలనూ చైర్మెన్ అనేవారు. ఎన్నికల్లో గెలిచినవాణ్ణి కుర్చీతో సహా భుజాలకెత్తుకుని ఊరేగించడం కూడా అప్పటి ఆచారమే, దాన్ని చైరింగ్ అన్నారు. ఆటలో గెలిచినవాణ్ణి భుజాల మీదికి ఎత్తుకుంటే బ్రిటన్‌లో ఇప్పటికీ ఆ క్రియ వాడతారు.

క్రియగా రోజూ పనికొచ్చేది మాత్రం సభను నడపడమే: ‘షి చైర్డ్ ద మీటింగ్’. దీనికి ‘ఓవర్’ అక్కర్లేదు. ‘ప్రిసైడ్’కు మాత్రం కావాలి, ‘ప్రిసైడెడ్ ఓవర్ ద మీటింగ్’. ‘ప్రిసైడెడ్ ద మీటింగ్’ అన్నది మన రిపోర్టర్ల చేతిలో నలిగిన తప్పు. ఆహ్వాన పత్రికలో ‘అధ్యక్షత’ అన్నచోట ఇంగ్లీషులో ఒట్టి ‘చైర్’ అని రాసి పేరు రాస్తే చాలు. ముఖ్య అతిథి చైర్ కాదు. ఎంత పెద్ద మంత్రి అయినా మాట్లాడమని పిలవాల్సింది చైరే.

మినిట్స్ రాసేవాళ్లకు ఇవి చాలు. మొదటి పంక్తిలో ఫలానావారు ఇన్ని గంటలకు ‘టుక్ ద చైర్’. అసలు అధ్యక్షుడు రాకపోతే ఇంకొకరు ‘వాజ్ వోటెడ్ టు ద చైర్’. మధ్యలో లేచిపోతే ‘లెఫ్ట్ ద చైర్’, ‘లెఫ్ట్ హిజ్ చైర్’ కాదు. రెండోది కాళ్లు చాపుకోడానికి లేచాడని. ముగింపులో ‘వోట్ ఆఫ్ థ్యాంక్స్ టు ద చైర్’. పదవిగా రాసేటప్పుడు పెద్ద సీ అక్షరం పెట్టడం పార్లమెంటు పద్ధతి.

విశ్వవిద్యాలయంలో చైర్ అంటే ప్రొఫెసర్ పదవి, ముఖ్యంగా ఎవరో నిధి ఇచ్చి ఒక పేరుతో నెలకొల్పింది. కేంబ్రిడ్జిలో హెన్రీ లూకస్ పేరుతో 1663లో పెట్టిన గణితం చైర్‌లో 1669 నుంచి న్యూటన్, 1979 నుంచి 2009 దాకా హాకింగ్ ఉన్నారు. ‘హి హెల్డ్ ద చైర్’ అంటే కుర్చీ పట్టుకున్నాడని కాదు, ఆ పదవిలో ఉన్నాడని. కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ ఇంగ్లండ్ తిరిగి వెళ్లాక లండన్‌లో తెలుగు ప్రొఫెసర్ అయ్యాడు. దాన్ని కూడా ‘చైర్ ఆఫ్ తెలుగు’ అని చెప్పొచ్చు. తెలుగులో పీఠం అంటే సరి. అమెరికాలో మాత్రం ‘డిపార్ట్‌మెంట్ చైర్’ అంటే మన హెచ్‌ఓడీ. నిధి, పేరు ఏమీ ఉండవు. దరఖాస్తులు చదివేటప్పుడు ఈ తేడా చూసుకోవాలి.

జాతీయాలు ఎక్కువ లేవు. ఆర్మ్‌చైర్ క్రిటిక్ అంటే ఒడ్డున కూచొని ఈత నేర్పేవాడు. మ్యూజికల్ చైర్స్ మన కుర్చీలాట, పదవులు చేతులు మారుతుంటే అంటారు. ‘సెంట్ టు ద చైర్’ అని అమెరికా వార్తలో కనిపిస్తే పదవిచ్చారని సంబరపడకండి. అది విద్యుత్ కుర్చీ, మరణశిక్ష. 1890 ఆగస్టు 6న న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ జైల్లో మొదటిసారి వాడారు. ఇక ‘సీఎం చైర్’ అన్నది మన దేశపు వాడుక. బయటివాళ్లకు రాసేటప్పుడు ‘ఆఫీస్’ అనండి. ఇంటర్ దాటిన సైన్సు పిల్లలకు సైక్లోహెక్సేన్ అనే ఆరు కార్బన్ల వలయానికి ఉండే చైర్ రూపం తెలిసిందే. పడవ రూపం కంటే స్థిరమైనది అది. ఈ రూపాల మీద పనికే 1969లో హాసెల్‌కూ, బార్టన్‌కూ నోబెల్ వచ్చింది.

నాకు ఎక్కువ ఇష్టమైనవి చేతిపనుల్లోని చైర్లు. రైల్లో చైర్ కార్ అందరికీ తెలుసు, కర్నూలు సిటీ, అనంతపురం, ధర్మవరం మీదుగా పోయే కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ మొత్తం అదే. ఆ రైలు కింద, పట్టాలకూ చైర్లు ఉన్నాయి. పాతకాలపు రెండు తలల పట్టాకు పాదం ఉండదు, తనంతట నిలబడదు. దాన్ని పోత ఇనుప చైర్‌లో కూర్చోబెట్టి చీల బిగించేవారు. పైతల అరిగితే తిరగేసి వాడుకోవచ్చని లెక్క వేశారు. కానీ కింది తల చైర్ మీద నలిగి సొట్టలు పడటంతో తిరగేసినా లాభం లేకపోయింది. చదును పాదం పట్టాలొచ్చాక మామూలు దారిలో చైర్ అవసరం తీరిపోయింది. మిగిలింది దారులు చీలేచోట, రైల్వే మాటలో పాయింట్ దగ్గర. అక్కడి నాలుక పట్టా అటూ ఇటూ జరిగేది స్లైడ్ చైర్ల మీదే. వాటిని తుడిచి నూనెతో, గ్రీజుతో నున్నగా ఉంచాలి. కంకర ముక్క ఇరుక్కుంటే నాలుక పూర్తిగా ఆనదు. నాలుక చివర 5 మిల్లీమీటర్ల అడ్డు పెట్టినా పాయింట్ లాక్ పడకూడదన్నది పరీక్ష. గుంతకల్లు లాంటి జంక్షన్‌లో ‘చైర్స్ క్లీన్డ్’ అని డైరీలో ఉంటే వెయిటింగ్ హాల్ సంగతి కాదది.

ఇల్లు కట్టేవాళ్లకు ఇంకో చైర్. ఇంటి కింద ఒకే పలకలా పోసే రాఫ్ట్ పునాదిలో కమ్మీల జాలీలు పైనొకటి, కిందొకటి ఉంటాయి. పై జాలీ కిందికి దిగకుండా మోసేది, కమ్మీని వంచి చేసేది ఈ చైర్. రాఫ్ట్ మందం 400 మి.మీ., కమ్మీలను కప్పే కాంక్రీటు, అంటే కవర్, పైన 50, కింద 50, కింది జాలీ రెండు పొరల 12 మి.మీ. కమ్మీలు 24, పై జాలీ 24 అనుకోండి. 400లో 148 పోతే 252. కాబట్టి చైర్ ఎత్తు 250. తల 300, పాదాలు రెండూ 200 చొప్పున పెడితే రెండేసి కమ్మీల మీద ఆనతాయి. కమ్మీ పొడవు తలకు 300, రెండు కాళ్లకు 500, రెండు పాదాలకు 400 కలిపి 1,200. నాలుగు వంపులకు వంపుకు 24 చొప్పున 96 తీస్తే 1,104 మి.మీ. 12 మి.మీ. కమ్మీ మీటరుకు 0.888 కిలోలు కాబట్టి ఒక్కో చైర్ దాదాపు కిలో. మీటరు ఎడంలో వేస్తే 5 మీటర్లు, 8 మీటర్ల రాఫ్ట్‌కు 40 చైర్లు, 40 కిలోలు. ఖర్చు తగ్గుతుందని 8 మి.మీ. కమ్మీతో వంచితే కాంక్రీటు పోసే రోజు మనుషులు తొక్కగానే వంగిపోతాయి. పై కమ్మీలు దిగిపోయి పనిచేయాల్సిన చోట లేకుండా పోతాయి. బాల్కనీ స్లాబుల్లో ఇదే జరిగితే గోడ దగ్గర పైభాగంలో పగులు వస్తుంది, ఎందుకంటే అక్కడ లాగుడు పడేది పైనే.

అందుకే మేస్త్రీ ఇచ్చిన ఎస్టిమేటులో ‘చైర్స్, 40 నంబర్లు’ అని కనిపిస్తే, గృహప్రవేశానికి కుర్చీలు ఇప్పుడే ఎందుకని కొట్టేయకండి.